ట్రాక్ మీద సెకన్లు ఎక్కడ దొరుకుతాయి: బైక్ పార్టుల్లోనా, నడిపే తీరులోనా?

ట్రాక్ డేకి, అంటే రేస్ ట్రాక్ మీద సొంత బైక్ నడుపుకునే రోజుకి, మొదటిసారి వెళ్లొచ్చిన రైడర్‌ని దాదాపుగా ఒకే ప్రశ్న పట్టుకుంటుంది. డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే ఎక్కడ పెట్టాలి? ఎగ్జాస్ట్, ఈసీయూ (ఇంజన్‌ని నియంత్రించే కంప్యూటర్) ట్యూనింగ్, కొత్త సస్పెన్షన్, రేస్ టైర్లు ఒకవైపు ఊరిస్తుంటాయి. కోచింగ్, మరికొన్ని ట్రాక్ రోజులు మరోవైపు. అనుభవం ఉన్నవాళ్లని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. "బైక్‌ని అలా ఉంచు, ముందు నువ్వు నేర్చుకో" అంటారు కొందరు. "నీరసించిన సస్పెన్షన్‌తో ఏం నేర్చుకుంటావ్, ముందు బైక్‌ని దారిలో పెట్టు" అంటారు ఇంకొందరు. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ రెండూ పార్టులన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాయి, చిక్కంతా అక్కడే. టైరు చేసే పని వేరు, ఎగ్జాస్ట్ చేసే పని వేరు, బ్రేక్ ఫ్లూయిడ్ చేసే పని వేరు. ఏ పార్టు దేన్ని మారుస్తుందో విడదీసి చూస్తే తప్ప ఈ వాదన తేలదు.

హద్దు వేరు, అందులో వాడుకునే వాటా వేరు

ప్రతి బైక్‌కీ ఒక హద్దు ఉంటుంది. ఫలానా టైర్లతో, ఫలానా బరువుతో, ఫలానా ఇంజన్‌తో ఒక ట్రాక్‌ని ఇంతకంటే తక్కువ సమయంలో చుట్టడం ఎవరి వల్లా కాదు అనే గీత అది. రైడర్ నైపుణ్యం అంటే ఆ హద్దుకి ఎంత దగ్గరగా, ఎన్ని ల్యాపులపాటు ఉండగలడన్నది. ఒక బైక్ మంచి రేసర్ చేతిలో 1:48లో ట్రాక్‌ని చుట్టి, అదే బైక్ మీద కొత్త రైడర్‌కి 2:00 పడుతోందంటే, ఆ 12 సెకన్లు బైక్‌లో అప్పటికే ఉన్నాయి. హద్దుని 1:47కి జరిపే పార్టు బిగిస్తే కొత్త రైడర్‌కి 12 బదులు 13 సెకన్ల దూరం ఏర్పడుతుంది, అంతే.

అయితే ఈ లెక్క పార్టులన్నిటికీ వర్తించదు. కొన్ని పార్టులు హద్దుని జరుపుతాయి. ఇంజన్ పవర్, తేలికపాటి చక్రాలు ఆ కోవలోవి. కొన్ని మాత్రం హద్దు ఎక్కడుందో రైడర్‌కి తెలిసేలా చేస్తాయి. సరిగ్గా సెట్ చేసిన సస్పెన్షన్, స్థిరంగా పనిచేసే బ్రేకులు, సరైన గాలి ఒత్తిడితో ఉన్న టైర్లు ఈ రెండో కోవలోకి వస్తాయి. ముందు టైరు ఏం చేస్తోందో చేతులకి తెలియని రైడర్ హద్దు దాకా వెళ్లడు, వెళ్లకపోవడమే సబబు కూడా. రెండో రకం పార్టులు నైపుణ్యానికి పోటీ కావు, దానికి పునాది.

ఒక ల్యాప్‌ని ముక్కలు చేసి చూస్తే

ల్యాప్ అంటే మూడు పనులే: బ్రేక్ వేయడం, మలుపు తిరగడం, స్ట్రెయిట్‌లో లాగించడం. ఒక్కోదాంట్లో ఎంత సమయం దాగి ఉందో అంకెలు పెట్టి చూద్దాం.

ముందు స్ట్రెయిట్. బైక్, రైడర్ కలిపి 240 కిలోలు అనుకుందాం. వెనక చక్రం దగ్గర 30 కిలోవాట్ల పవర్, అంటే దాదాపు 40 హార్స్‌పవర్. గంటకు 90 కి.మీ. వేగంతో మలుపులోంచి బయటికొచ్చి 400 మీటర్ల స్ట్రెయిట్ దాటాలి. గాలి నిరోధాన్ని పక్కనపెట్టి లెక్క కడితే 9.56 సెకన్లు పడుతుంది. ఇప్పుడు ఎగ్జాస్ట్, ఎయిర్ ఫిల్టర్, ట్యూనింగ్ అన్నీ చేయించి పవర్ 5 శాతం పెంచాం. 9.45 సెకన్లు. దొరికింది 0.11 సెకను. గాలి నిరోధాన్ని కలిపితే ఇంకాస్త తగ్గుతుంది.

ఇంజన్ జోలికి పోకుండా, అదే మలుపులోంచి గంటకు 90కి బదులు 93.6 కి.మీ. వేగంతో బయటికి వస్తే? మళ్లీ 9.45 సెకన్లే. అంటే 400 మీటర్ల స్ట్రెయిట్‌లో 5 శాతం పవర్ ఎంత ఇస్తుందో, మలుపు చివర మూడున్నర కిలోమీటర్ల వేగం కూడా అంతే ఇస్తుంది. కొత్త రైడర్లు చాలామందిలో మలుపు చివర కోల్పోతున్న వేగం ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది.

బ్రేకింగ్‌లో తేడా ఇంకా పెద్దది. గంటకు 180 కి.మీ. నుంచి 80కి తగ్గాలి. 0.6 జీ తీవ్రతతో (1 జీ అంటే గురుత్వాకర్షణ త్వరణమంత) బ్రేక్ వేసే రైడర్‌కి 170 మీటర్లు కావాలి. 0.8 జీతో వేసే రైడర్‌కి 128 మీటర్లు చాలు. రెండోవాడు ఆ మిగిలిన 42 మీటర్లూ గంటకు 180 మీదే వెళ్తాడు. అంతా కలిపి చూస్తే ఒక్క మలుపు దగ్గరే 0.33 సెకను లాభం. గట్టి బ్రేకింగ్ అవసరమయ్యే మలుపులు ట్రాక్‌లో నాలుగుంటే సెకనుకి పైనే.

ఇక మలుపు. 100 మీటర్ల పొడవున్న వంపుని గంటకు 80తో తిరిగితే 4.5 సెకన్లు, 84తో తిరిగితే 4.29. తేడా 0.21 సెకను. చూడ్డానికి చిన్నదే కానీ ఇలాంటి మలుపులు పది ఉంటే రెండు సెకన్లు. అయితే ఇది ఉచితంగా రాదు. వేగం 5 శాతం పెరిగితే టైరు మీద పక్కకి పడే బలం 10 శాతం పెరుగుతుంది, ఎందుకంటే ఆ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. టైరులో ఆ 10 శాతం మిగిలి ఉందా, ఉంటే దాన్ని వాడుకునే తీరు రైడర్‌కి తెలుసా అన్నదే ప్రశ్న.

లీన్ యాంగిల్‌లో దాగున్న ఎనిమిది డిగ్రీలు

మలుపులో బైక్ ఎంత వాలాలో రెండే నిర్ణయిస్తాయి: వేగం, మలుపు వ్యాసార్థం. 70 మీటర్ల వ్యాసార్థంలో గంటకు 100 కి.మీ.తో తిరగాలంటే బైక్, రైడర్ కలిసిన బరువు కేంద్రం సుమారు 48 డిగ్రీలు వాలాలి. టైరుకి వెడల్పు ఉంటుంది కాబట్టి రైడర్ బైక్‌తో సమంగా కూర్చుంటే బైక్ ఇంకాస్త ఎక్కువే వాలుతుంది. బైక్ ఖరీదెంత అన్నదానికి ఈ లెక్కలో చోటు లేదు.

ఇప్పుడు రైడర్ చేతిలో ఉన్నవి చూద్దాం. ట్రాక్ వెడల్పంతా వాడుకుని, బయటి అంచు నుంచి మొదలుపెట్టి లోపలి అంచుని తాకి మళ్లీ బయటికి వెళ్తే వ్యాసార్థం పెరుగుతుంది. అది 80 మీటర్లయితే అదే వేగానికి 44.5 డిగ్రీలు చాలు. దాదాపు 4 డిగ్రీలు మిగిలాయి.

రెండోది శరీరం. 75 కిలోల రైడర్ తన బరువు కేంద్రాన్ని 150 మి.మీ. లోపలికి జరిపితే, మొత్తం 255 కిలోల బరువు కేంద్రం 44 మి.మీ. జరుగుతుంది. ఆ కేంద్రం టైరు ఆనే చోటుకి 650 మి.మీ. ఎత్తులో ఉందనుకుంటే, బైక్ సుమారు 4 డిగ్రీలు తక్కువ వాలితే సరిపోతుంది. ఇందులో పిరుదుల కన్నా తల, భుజాల వాటా ఎక్కువ. పిరుదులు సీటు పక్కకి జరిపి, తలని మాత్రం ట్యాంక్‌కి అవతలి వైపే ఉంచేవాళ్లు కనిపిస్తుంటారు. మోకాలు నేలకి తగులుతుంది, ఫొటో బాగా వస్తుంది, బరువు కేంద్రం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

మొత్తం ఎనిమిది డిగ్రీలు. టైరు తప్ప ఇంత ఇవ్వగలిగే పార్టు మరొకటి లేదు. ఫుట్‌పెగ్ నేలకి రాసుకుంటోందని రియర్‌సెట్లు (పెగ్‌లని పైకి, వెనక్కి జరిపే పార్టులు) కొనే ముందు రైడర్ ఎలా కూర్చుంటున్నాడో ఎవరైనా వెనకనుంచి వీడియో తీస్తే విషయం తెలిసిపోతుంది. పెగ్‌లు కిందకి ఉండే, ముందు తొడుగు లేని నేకెడ్ బైక్‌ల మీద మంచి పొజిషన్‌లో ఉన్నా రాసుకునే మాట నిజమే. అప్పుడు రియర్‌సెట్లు న్యాయమైన ఖర్చు.

బ్రేకులు మారిస్తే ఏం మారుతుంది

పెద్ద డిస్కులు, ఖరీదైన క్యాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగాలు) వేస్తే బైక్ తక్కువ దూరంలో ఆగుతుందనే నమ్మకం బాగా పాతుకుపోయింది. పొడి నేల మీద, వెచ్చటి టైర్లతో స్పోర్ట్స్ బైక్‌ని ఆపే హద్దు క్యాలిపర్‌లో లేదు. వెనక చక్రం గాల్లోకి లేవడంలో ఉంది. బరువు కేంద్రం ముందు టైరు ఆనే చోటుకి 700 మి.మీ. వెనక, నేలకి 700 మి.మీ. పైన ఉందనుకుంటే, 1 జీ దగ్గర వెనక చక్రం లేవడం మొదలవుతుంది. ఎంత గొప్ప క్యాలిపర్ అయినా ఈ జామెట్రీని దాటలేదు. కండిషన్‌లో ఉన్న కంపెనీ బ్రేకులతోనే చాలా స్పోర్ట్స్ బైక్‌లు అక్కడిదాకా వెళ్తాయి.

బ్రేక్ పార్టులు మార్చేది వేడిని, లివర్ దగ్గర తెలిసే స్పర్శని. ట్రాక్ మీద ప్రతి ల్యాపులో పదేపదే గట్టి బ్రేకింగ్ పడేసరికి ఫ్లూయిడ్ వేడెక్కుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ ప్రమాణాల్లో ఒకటైన డాట్ 4 ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. కానీ అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది. తేమ పట్టిన డాట్ 4కి ఆ కనీసం 155 డిగ్రీలే. డాట్ 5.1కి ఇవి 260, 180. ఫ్లూయిడ్ మరిగితే లైన్లలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి లివర్ హ్యాండిల్‌దాకా వచ్చేస్తుంది, బ్రేక్ పడదు. రెండేళ్ల నాటి ఫ్లూయిడ్‌తో ట్రాక్ ఎక్కిన రైడర్‌కి నాలుగో ఐదో ల్యాపులో జరిగేది ఇదే. డాట్ 5 అని రాసుండే సిలికాన్ ఫ్లూయిడ్ పూర్తిగా వేరే జాతి, మిగతావాటితో కలవదు.

కాబట్టి తాజా ఫ్లూయిడ్, ట్రాక్ వేడిని తట్టుకునే ప్యాడ్లు, ఉబ్బని స్టీల్ అల్లిక లైన్లు మొదటి రోజు నుంచీ పనికొచ్చేవే. అయితే అసలైన రేస్ ప్యాడ్లు వేడెక్కితే గానీ పట్టవు. అవి చల్లగా ఉన్నప్పుడు మొదటి మలుపులో లివర్ నొక్కితే కంపెనీ ప్యాడ్ల కన్నా బలహీనంగా ఉంటాయి.

పైన చెప్పిన 0.6 జీ, 0.8 జీ తేడా మాత్రం వేళ్లలోనే ఉంది. లివర్‌ని ఒక్కసారిగా గుంజితే బరువు ముందుకి చేరకముందే బ్రేక్ పడుతుంది, ముందు టైరు మీద ఇంకా భారం లేదు కాబట్టి లాక్ అవుతుంది, లేదా ఏబీఎస్ అడ్డుకుంటుంది. మొదట మెల్లగా నొక్కి, ఫోర్క్ (ముందు సస్పెన్షన్) కుంగి, టైరు నేలకి ఒత్తుకున్న మరుక్షణం ఒత్తిడి పెంచితే అదే టైరు రెట్టింపు బ్రేకింగ్‌ని మోస్తుంది. ఇదంతా సెకనులో మూడో వంతు కూడా పట్టని పని. భయపడిన రైడర్ దీన్ని తిరగేస్తాడు: మొదట గుంజుతాడు, తర్వాత భయంతో వదులుతాడు.

టైర్లు: పార్టుల్లో మినహాయింపు

పార్టులన్నిటిలో టైరుది ప్రత్యేక స్థానం. బ్రేకింగ్, మలుపు, యాక్సిలరేషన్ మూడూ దాని మీదుగానే నేలని చేరతాయి. గట్టిపడిపోయిన పాత టైరుతో టెక్నిక్ నేర్చుకోవడం సాధ్యం కాదు, ఎందుకంటే తప్పు చేసింది రైడరా టైరా అన్నది ఎప్పటికీ తేలదు.

కానీ "మెత్తటి టైరు, మంచి టైరు" అన్న సూత్రం తప్పు. ప్రతి టైరూ ఒక ఉష్ణోగ్రతల పరిధిలో పనిచేస్తుంది. టూరింగ్ టైరు త్వరగా వేడెక్కుతుంది, ట్రాక్ మీద గట్టిగా నడిపితే పది పదిహేను నిమిషాల్లో జారుడు మొదలవుతుంది. గాడులు లేని రేస్ టైరుకి, అంటే స్లిక్‌కి, ఎదురు సమస్య. దాన్ని వార్మర్లతో (టైరుకి చుట్టే విద్యుత్ దుప్పట్లతో) 80 డిగ్రీల దాకా వేడిచేసి ట్రాక్ మీదకి పంపుతారు, ఆ తర్వాత వేడిని నిలబెట్టేది రైడర్ వేగమే. నెమ్మదిగా నడిపే రైడర్ కింద స్లిక్ చల్లబడిపోతుంది, చల్లబడ్డ స్లిక్ మామూలు రోడ్డు టైరు కన్నా ప్రమాదకరం. అందుకే మధ్యస్థ వేగంలో ఉన్నవాళ్లకి వార్మర్లు అక్కర్లేని స్పోర్ట్ టైరే వేగంగా తేలుతుంది.

గాలి ఒత్తిడి సంగతి కాస్త లోతుగా చూడాలి, ఖర్చు లేకుండా వచ్చే మార్పుల్లో దీన్ని మించింది లేదు. పెద్ద స్పోర్ట్స్ బైక్‌లకి రోడ్డు మీద సాధారణంగా ముందు 36, వెనక 42 పీఎస్‌ఐ చెప్తారు. ట్రాక్ మీద టైరు ఎక్కువ వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల వద్ద 30 పీఎస్‌ఐ నింపిన టైరులో గాలి 60 డిగ్రీలకి చేరితే ఒత్తిడి 34 దాటుతుంది. అలాగే 36 నింపినది 41కి చేరుతుంది. ఒత్తిడి మరీ ఎక్కువైతే నేలకి ఆనే భాగం చిన్నదవుతుంది, టైరు గుండ్రాయిలా గెంతుతుంది. మరీ తక్కువైతే టైరు గోడలు ఎక్కువగా మడతపడి వేడి పెరుగుతుంది, బైక్ మలుపులో బద్ధకంగా తిరుగుతుంది. అందుకే టైరు కంపెనీలు ట్రాక్‌కి వేరే అంకెలు ఇస్తాయి, అవి చల్లటి టైరుకా వేడి టైరుకా అన్నది కూడా చెప్తాయి. ఈ రెండిటినీ కలిపేసుకోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. వేడి మీద ఉండాల్సిన 33ని చల్లగా ఉన్నప్పుడే నింపేస్తే ట్రాక్ మీద అది 38కి దగ్గరవుతుంది.

సస్పెన్షన్: కొనడానికి ముందు సెట్ చేయడం

కొత్త బైక్ సస్పెన్షన్ ఊహాజనితమైన ఒక సగటు రైడర్ కోసం సెట్ అయి వస్తుంది. ఆ బరువుకి దగ్గరగా లేనివాళ్లకి ఎంత ఖరీదైన బైక్ అయినా తప్పు సెట్టింగ్‌లోనే ఉంటుంది.

మొదటి కొలత సాగ్. రైడర్ పూర్తి గేర్‌తో కూర్చున్నప్పుడు సస్పెన్షన్ ఎంత కుంగిందన్నది రైడర్ సాగ్. బైక్ తన బరువుకి తానే ఎంత కుంగిందన్నది ఫ్రీ సాగ్. 120 మి.మీ. ప్రయాణం ఉన్న ఫోర్క్‌కి ట్రాక్ మీద 30 నుంచి 35 మి.మీ. రైడర్ సాగ్‌ని మంచి ఆరంభంగా తీసుకుంటారు. వెనక కూడా దాదాపు అంతే, ఫ్రీ సాగ్ 5 నుంచి 10 మి.మీ.

ఒక ఉదాహరణ. బరువైన రైడర్ కూర్చుంటే ఫోర్క్ 48 మి.మీ. కుంగింది. 35కి రావాలంటే ప్రీలోడ్‌ని, అంటే స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచే సర్దుబాటుని, 13 మి.మీ. బిగించాలి. బిగించాడు, సాగ్ సరిపోయింది. కానీ ఫ్రీ సాగ్ కొలిస్తే దాదాపు సున్నా. గట్టి బ్రేకింగ్‌లో ఫోర్క్ ఇప్పటికీ అడుగంటుతోంది. ఎందుకు? ప్రీలోడ్ స్ప్రింగ్‌ని గట్టిపరచదు. స్ప్రింగ్ ఎక్కణ్ణుంచి పని మొదలుపెట్టాలో మాత్రమే మారుస్తుంది. ప్రతి మిల్లీమీటరు కుంగడానికి కావలసిన బరువు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఈ రైడర్‌కి కావలసింది 0.85 బదులు 0.95 కేజీ/మి.మీ. స్ప్రింగ్. ఫోర్క్ మొత్తం మార్చడం కాదు, ఒక జత స్ప్రింగులు, తాజా ఆయిల్. ఇది నిజంగా పార్టు మార్చాల్సిన సందర్భం, ఎంత కోచింగ్ తీసుకున్నా ఈ లోటు తీరదు.

తర్వాత డ్యాంపింగ్, అంటే సస్పెన్షన్ కదలిక వేగాన్ని అదుపు చేయడం: తిరిగి లేచేటప్పటిది రీబౌండ్, కుంగేటప్పటిది కంప్రెషన్. రీబౌండ్ తక్కువైతే బ్రేక్ వదలగానే ముందుభాగం ఎగిరిపడుతుంది. ఎక్కువైతే వరస గతుకుల మీద ఫోర్క్ తిరిగి పైకి లేచే సమయం దొరక్క కిందే ఉండిపోతుంది, టైరు గెంతడం మొదలవుతుంది. సర్దుబాటు స్క్రూ క్లిక్‌లని పూర్తిగా బిగించిన స్థానం నుంచి లెక్కపెట్టి రాసిపెట్టుకోవడం, ఒకసారి ఒక్కటే మార్చడం, ఈ రెండే ఇక్కడి క్రమశిక్షణ. ఒకేసారి మూడు మార్చినవాడికి ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.

ఇక అరిగిన స్టీరింగ్ హెడ్ బేరింగులు, కారుతున్న ఫోర్క్ సీళ్లు, వదులైన చైన్. ఇవి సరిచేయడం అప్‌గ్రేడ్ కాదు, మరమ్మతు. వీటి ముందు నైపుణ్యమా పార్టులా అన్న చర్చే లేదు.

ఇంజన్, గేరింగ్

ఎగ్జాస్ట్ చివరి భాగం మాత్రమే మారిస్తే వచ్చే పవర్ చాలా తక్కువ. బరువు మాత్రం రెండు మూడు కిలోలు తగ్గొచ్చు. మొత్తం సిస్టమ్ మార్చి ఇంధనం మ్యాపింగ్ (ఎప్పుడు ఎంత ఇంధనం అందాలన్న పట్టిక) సరిచేయకపోతే మిశ్రమం పలచబడి థ్రాటిల్ తెరిచే మొదటి క్షణంలో కుదుపు వస్తుంది. ఆ కుదుపు మలుపు మధ్యలో వస్తే పవర్ పెరిగినా ల్యాప్ టైమ్ పెరుగుతుంది. ఎలాంటి ట్యూనింగ్ అయినా థ్రాటిల్‌ని నున్నగా చేస్తే అది పవర్ కన్నా విలువైనది.

స్ప్రాకెట్ మార్పు చవక, ఫలితం కచ్చితం. 15/45 గేరింగ్ (ముందు స్ప్రాకెట్‌కి 15 పళ్లు, వెనకదానికి 45) అంటే నిష్పత్తి 3.00. వెనక 47 వేస్తే 3.13, లాగుడు 4.4 శాతం పెరుగుతుంది. ముందు 14 వేస్తే 3.21, అంటే 7 శాతం. ముందు ఒక పన్ను తగ్గించడం వెనక మూడు పళ్లు పెంచడంతో దాదాపు సమానం. ప్రతిఫలంగా ఆ గేర్‌లో గరిష్ట వేగం అంతే శాతం తగ్గుతుంది. స్ట్రెయిట్ చివర ఇంజన్ వేగానికి హద్దు పెట్టే లిమిటర్ తగులుతుంటే గెలుచుకున్నదంతా అక్కడ పోతుంది.

ఒకే లక్షణం, రెండు కారణాలు

"మలుపు చివర బైక్ బయటికి పోతోంది." ట్రాక్ మీద తరచుగా వినిపించే ఫిర్యాదు ఇది. దీనికి సస్పెన్షన్ కారణం ఉంది, టెక్నిక్ కారణమూ ఉంది. ఏదో తెలియకుండా డబ్బు ఖర్చు పెట్టేస్తారు.

సస్పెన్షన్ కారణం ఇది: వెనక స్ప్రింగ్ మెత్తగా ఉండి థ్రాటిల్ తెరవగానే వెనకభాగం కుంగుతుంది. ముందుభాగం లేస్తుంది. ఫోర్క్ వాలు పెరిగి బైక్ తిరగడానికి మొరాయిస్తుంది.

టెక్నిక్ కారణం: రైడర్ ముందుగానే మలుపులోకి వాలిపోయాడు. మలుపు భయపెడుతున్నప్పుడు అందరూ చేసేది అదే. ముందుగా వాలితే లోపలి అంచుని, అంటే అపెక్స్‌ని, ముందుగానే తాకేస్తాడు. అక్కణ్ణుంచి ఇంకా సగం మలుపు మిగిలే ఉంటుంది, ట్రాక్ మాత్రం అయిపోతుంటుంది. థ్రాటిల్ మూయాలి, లేదా ఇంకా వాల్చాలి.

తేడా పసిగట్టడం కష్టం కాదు. థ్రాటిల్ తెరిచినప్పుడే, మంచి లైన్‌లో ఉన్నప్పుడు కూడా బయటికి పోతుంటే అనుమానం బైక్ మీద. ఒకే మలుపులో, థ్రాటిల్ ఇంకా తెరవకముందే బయటికి పోతుంటే అనుమానం లైన్ మీద. నాలుగైదు మీటర్లు ఆలస్యంగా వాలితే సమస్య మాయమైందంటే షాక్ అబ్జార్బర్‌కి దోషం లేదు.

స్ట్రెయిట్‌లో హ్యాండిల్ ఊగడం కూడా ఇలాంటిదే. బిగపట్టిన చేతులు గతుకుల మీద పడ్డ ప్రతి కదలికనీ తిరిగి హ్యాండిల్‌లోకే పంపుతాయి. బ్రేకింగ్‌లో తొడలతో ట్యాంక్‌ని పట్టుకుంటే చేతులు వదులవుతాయి. అందుకే ట్యాంక్ గ్రిప్ ప్యాడ్లు, వేలికి అందేలా సర్దిన లివర్లు వంటివి చిన్న పార్టులే అయినా నేరుగా టెక్నిక్‌ని బాగుచేస్తాయి. నా దృష్టిలో ఇవి ఎగ్జాస్ట్ కన్నా చాలా ముందు రావాలి.

నేర్పేవాళ్ల మధ్యే భేదాలు

టెక్నిక్ నేర్చుకోవాలన్నా ఏ టెక్నిక్ అన్నది మళ్లీ ప్రశ్నే. 1980లో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్‌ని స్థాపించిన కీత్ కోడ్ బోధనలో థ్రాటిల్‌ది కేంద్రస్థానం. మలుపులో థ్రాటిల్ ఒకసారి తెరిచాక నిలకడగా, నున్నగా పెంచుతూ పోవాలంటాడు. అలా చేస్తే బరువు దాదాపు 40 శాతం ముందు, 60 శాతం వెనక ఉంటుంది. 120 మి.మీ. ముందు టైరు, 180 మి.మీ. వెనక టైరు వెడల్పుల నిష్పత్తి కూడా అదే.

రెండో ధోరణి ట్రెయిల్ బ్రేకింగ్‌కి పెద్దపీట వేస్తుంది. బ్రేక్‌ని వాలే ముందే పూర్తిగా వదలకుండా, వాలుతున్నకొద్దీ కొద్దికొద్దిగా వదులుతూ అపెక్స్ దాకా తీసుకెళ్లడం ఇది. 1985లో ఒకే సీజన్‌లో 250, 500 సీసీ ప్రపంచ టైటిళ్లు రెండూ గెలిచిన ఫ్రెడ్డీ స్పెన్సర్ దీన్ని నేర్పేవాళ్లలో ముఖ్యుడు. ఫోర్క్ కుంగి ఉంటే స్టీరింగ్ కోణం నిటారవుతుంది, బైక్ చురుగ్గా తిరుగుతుంది, మలుపు అనుకున్నదాని కన్నా బిగుతుగా ఉంటే వేగం తగ్గించే వీలుంటుంది. దీనికి ఎదురు వాదన: వాలిన టైరు మీద బ్రేక్ మోతాదు తప్పితే ముందుభాగం జారుతుంది, దాన్ని తిరిగి పట్టుకోవడం చాలా కష్టం.

రెండు ధోరణులూ పొడవాటి మలుపులో ఒకలా, స్ట్రెయిట్ చివర వచ్చే బిగుతు మలుపులో ఇంకోలా ఫలిస్తాయి. రెండూ ఒప్పుకునే విషయం మాత్రం ఒకటుంది. బ్రేక్‌ని గానీ థ్రాటిల్‌ని గానీ ఒక్క ఉదుటున వదలకూడదు. బ్రేక్ హఠాత్తుగా వదిలితే ఫోర్క్ లేచి బైక్ బయటికి పోతుంది, మలుపు మధ్యలో థ్రాటిల్ హఠాత్తుగా మూస్తే బరువంతా ముందు టైరు మీద పడుతుంది.

బైక్‌దే పైచేయి అనేవాళ్ల దగ్గరున్న ఆధారం

పార్టుల పక్షాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. రేసర్ మార్క్ మార్కెజ్ 2023లో హోండా మీద, బైక్ రేసుల అత్యున్నత తరగతి మోటోజీపీ చాంపియన్‌షిప్‌లో 14వ స్థానంలో నిలిచాడు. గాయాల వల్ల కొన్ని రేసులు పోయిన మాట నిజమే కానీ పాల్గొన్న గ్రాండ్ ప్రి రేసుల్లోనూ ఒక్క పోడియమే (మొదటి మూడు స్థానాల్లో ఒకటి). 2024లో డుకాటీకి మారాడు, అదీ ఏడాది పాత మోడల్. మూడు గ్రాండ్ ప్రిలు గెలిచి చాంపియన్‌షిప్‌లో మూడో స్థానం దక్కించుకున్నాడు. రైడర్ అతనే, మారింది బైక్. అయితే ఆ ఏడాది అదే పాత మోడల్ మీద నడిపిన మిగతా ముగ్గురు రైడర్లలో ఒక్కరికీ గ్రాండ్ ప్రి గెలుపు రాలేదు. ఒకే ఉదాహరణ రెండు పక్షాలకీ సాక్ష్యం చెప్తోంది.

దాని కింది తరగతి మోటో2లో 2019 నుంచి అందరికీ ఒకే 765 సీసీ ట్రయంఫ్ ఇంజన్. 2024లో అక్కడ టైర్ల సరఫరా డన్‌లప్ నుంచి పిరెల్లీకి మారింది, ఆ సీజన్‌లో చాలా ట్రాక్‌ల మీద ల్యాప్ రికార్డులు బద్దలయ్యాయి. ఇంజన్ అదే ఉన్నా టైరు సమయాన్ని తగ్గించింది.

వీటిని చదవాల్సిన తీరు ఇది: ఆ రైడర్లు బైక్ హద్దులో దాదాపు అంతా వాడేసుకుంటారు. వాళ్లకి హద్దు జరిగితే ఆ మేరకి సమయం తగ్గుతుంది. హద్దుకి పది సెకన్ల దూరంలో ఉన్న రైడర్‌కి అదే పార్టు అదే ఫలితం ఇస్తుందని దీన్నుంచి తేలదు.

ఎవరు ఎక్కడున్నారో ల్యాప్ టైమర్ చెప్తుంది

ఒక రైడర్ ఐదు ల్యాపులు: 1:58.2, 2:00.9, 1:59.1, 2:01.4, 1:58.8. అత్యుత్తమానికీ అధమానికీ మధ్య 3.2 సెకన్లు. మరో రైడర్: 1:52.3, 1:52.6, 1:52.4, 1:52.2, 1:52.5. తేడా 0.4. ల్యాపుకి 0.3 సెకను ఇచ్చే పార్టు మొదటి రైడర్ బైక్‌కి బిగిస్తే అది పనిచేసిందో లేదో కూడా తెలియదు, ల్యాపుల హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. రెండో రైడర్‌కి కచ్చితంగా కనిపిస్తుంది.

జీపీఎస్ టైమర్లు ట్రాక్‌ని సెక్టార్లుగా విడదీసి చూపిస్తాయి. మొదటి రైడర్ వేర్వేరు ల్యాపుల్లో సాధించిన ఉత్తమ సెక్టార్లని కలిపితే 1:56.5 వచ్చిందనుకుందాం. అతని ఉత్తమ ల్యాప్ 1:58.2. అంటే ఇప్పుడున్న బైక్‌తో, ఇప్పుడున్న ధైర్యంతోనే 1.7 సెకన్లు అతని చేతిలో ఉన్నాయి. ఆరోజే ఏదో ఒక ల్యాపులో ప్రతి ముక్కనీ అతను చేసి చూపించాడు, ఒకే ల్యాపులో కలపలేదంతే.

మార్పు ఫలించిందో లేదో చూడ్డానికి టెస్ట్ టీములు వాడే పద్ధతి పాతది, కొత్తది, మళ్లీ పాతది అనే వరస. రీబౌండ్‌ని రెండు క్లిక్‌లు మార్చారనుకుందాం. పాత సెట్టింగ్‌తో ఐదు ల్యాపుల సగటు 1:52.4, కొత్తదానితో 1:52.0. ఇక్కడితో ఆపేస్తే నాలుగు పదో వంతులు దొరికాయనిపిస్తుంది. మళ్లీ పాతదానికి తిప్పితే 1:52.3 వచ్చిందంటే ఆ లాభం క్లిక్‌లదే. 1:51.9 వచ్చిందంటే రైడర్ వేడెక్కాడు, ట్రాక్ వేడెక్కింది, క్లిక్‌ల వాటా అందులో నాలుగు పదో వంతులైతే కాదు.